పాత డెక్ పక్కన గోంగూర మడి వేశాం, చెక్కలో ఆర్సెనిక్ ఉందంటున్నారు, ఏం చేయాలి?

గోంగూరమడి (న్యూజెర్సీ)
శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. పోయిన అక్టోబరులో ఇక్కడ ఇల్లు కొన్నాం, 1994లో కట్టిన ఇల్లు. వెనకాల పెద్ద చెక్క డెక్ (ఇంటికి ఆనుకుని ఆరుబయట చెక్కతో కట్టే అరుగు) ఉంది, ఇంటితో పాటే కట్టారట. ఎండ బాగా పడుతుందని డెక్ అంచుకి అడుగు దూరంలోనే గోంగూర, తోటకూర, మెంతికూర వేశాను. మడి చుట్టూ గట్టుగా పెట్టినవి కూడా ఆ డెక్ చెక్కలే. ముందున్నవాళ్ళు రిపేరు చేయించినప్పుడు తీసేసినవి గ్యారేజీలో పేర్చి ఉంటే, వృథా ఎందుకని వాడేశాం.

నిన్న పక్కింటి పెద్దాయన కంచె దగ్గర నిలబడి మాట్లాడుతూ, "2004 కంటే ముందు చెక్క కదా, దాంట్లో ఆర్సెనిక్ ఉంటుంది, కూరగాయలకి వాడకండి" అన్నారు. ఆర్సెనిక్ అంటే పాషాణం కదండీ! రాత్రంతా నిద్ర లేదు. మా బాబుకి పద్నాలుగు నెలలు, ఆ డెక్ మీదే పాకుతూ తిరుగుతాడు, చేతులు ఎప్పుడూ నోట్లోనే. గోంగూర ఇప్పటికి రెండుసార్లు కోసి పచ్చడి చేసుకున్నాం. ఇది నిజంగా అంత ప్రమాదమా? డెక్ పీకించేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వడ్రంగికొడుకు (పెన్సిల్వేనియా)
శనివారం రాత్రి

ముందు కంగారు పడకండి మేడమ్. నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడ డెక్‌లు కడుతున్నాను, పాతవి విప్పుతున్నాను. పెద్దాయన చెప్పింది నిజమే. ప్రెషర్ ట్రీటెడ్ అని అమ్మిన పైన్ చెక్కలో అప్పట్లో నూటికి తొంభైకి పైగా సీసీఏ రకమే. క్రోమియం, రాగి, ఆర్సెనిక్ మూడూ కలిపిన మందు. చెక్కను పెద్ద ఉక్కు గొట్టంలో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఆ మందునీళ్ళను ఒత్తిడితో చెక్క లోపలిదాకా ఎక్కిస్తారు. చెదలు ముట్టవు, కుళ్ళు పట్టదు. 2002 ఫిబ్రవరిలో కంపెనీలూ ప్రభుత్వమూ ఒప్పందానికి వచ్చి, 2003 డిసెంబరు 31 తరవాత ఇళ్ళకి వాడే చెక్కకు ఈ మందు ఎక్కించడం ఆపేశారు. అప్పటికే కట్టి ఉన్నవాటిని పీకమని ఎవరూ చెప్పలేదు. అందుకే మీ ఇంట్లో అది అలాగే ఉంది.

1994 ఇల్లు కాబట్టి దాదాపు ఖాయంగా సీసీఏనే అనుకోండి. కొత్తలో లేతాకుపచ్చగా ఉంటుంది, ముప్ఫై ఏళ్ళకి బూడిదరంగులోకి తిరిగిపోతుంది కాబట్టి రంగు చూసి చెప్పలేం. ఒక చెక్క చివర కోసి చూస్తే లోపల పచ్చదనం కనబడుతుంది అంటారు కానీ ఆ పని మీరు చేయకండి, ఆ రంపపు పొట్టు పీల్చకూడదు.

రేపు పొద్దున్నే చేయాల్సినవి మాత్రం ఇవి: బాబుని డెక్ మీద పాకనివ్వకండి, లేదా మందపాటి చాప పరిచి దాని మీదే ఉంచండి. బయటి నుంచి రాగానే చేతులు సబ్బుతో కడగండి. ఆ మడిలో ఆకు కోయడం ఆపేయండి.

కొత్తఇల్లు (టెక్సాస్)
ఆదివారం ఉదయం

నా మాట వేరు. మా డెక్ 1999ది, పిల్లలిద్దరూ దాని మీదే పెరిగారు, ఇద్దరూ బాగున్నారు. కోట్ల ఇళ్ళలో ఇలాంటి డెక్‌లు ఉన్నాయి. నిజంగా అంత ప్రమాదమైతే ప్రభుత్వం పీకించేది కదా. అనవసరంగా ఆవిడని భయపెట్టకండి.

మట్టిమనిషి (ఫ్లోరిడా)
ఆదివారం ఉదయం

కొత్తఇల్లు గారూ, మీ పిల్లలు బాగున్నందుకు సంతోషం. కానీ "మా ఇంట్లో ఏమీ కాలేదు" అన్నది ఈ విషయంలో పనికొచ్చే సాక్ష్యం కాదు. ఆర్సెనిక్ చిన్న మోతాదుల్లో ఏళ్ళ తరబడి లోపలికి పోతే వచ్చే ముప్పు ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు, అవి దశాబ్దాల తరవాత కనబడతాయి. 2003లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ లెక్క వేసింది: ఈ చెక్కతో చేసిన ఆటసామాను మీద ఆడే పిల్లల్లో పది లక్షలకు 2 నుంచి 100 దాకా అదనపు క్యాన్సర్లు రావచ్చని. ఒక్క ఇంటికి అది చిన్న సంఖ్య. దేశం మొత్తానికి చిన్న సంఖ్య కాదు. ఆ ముప్పులో ముఖ్యమైన దారి చెయ్యి నుంచి నోటికి. అందుకే మేడమ్ బాబు విషయంలో వడ్రంగికొడుకు గారు చెప్పింది సరైన మొదటి పని.

నేను ఇక్కడ మట్టి, చెత్త పరీక్షలు చేసే ల్యాబులో పన్నెండేళ్ళు పనిచేశాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చెక్కలో ఎంత ఉంటుంది? నేలలో పాతడానికి పనికొచ్చే రకంలో ఘనపు మీటరుకు 6.4 కిలోల మందు ఎక్కిస్తారు. అందులో 34 శాతం ఆర్సెనిక్ ఆక్సైడ్. లెక్క కట్టి చూస్తే 12 అడుగుల పొడవున్న రెండు బై ఆరు అంగుళాలని పిలిచే సైజు చెక్క ఒక్కదాంట్లో సుమారు 27 గ్రాముల ఆర్సెనిక్ ఉంటుంది. ఒక డెక్‌లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో మీరే లెక్కపెట్టుకోండి. క్రోమియం ఆ రాగినీ ఆర్సెనిక్‌నీ చెక్కకి అతుక్కునేలా చేస్తుంది కాబట్టి ఇది ఒక్కసారిగా కారిపోదు. మొదటి వానల్లో ఎక్కువ వస్తుంది, తరవాత తగ్గుతుంది, కానీ ఆగదు. ఇక్కడ ఫ్లోరిడాలో కొత్త సీసీఏ చెక్కతో చిన్న డెక్ కట్టి ఏడాది పాటు దాని మీద నుంచి జారిన వాననీళ్ళు పట్టి చూశారు. లీటరుకు సగటున సుమారు 600 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ వచ్చింది. తాగేనీళ్ళకు హద్దు 10. మందు ఎక్కించని చెక్క డెక్ నుంచి వచ్చిన నీళ్ళలో రెండు మూడుకి మించలేదు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? డెక్ కింది మట్టిలోకి. కనెక్టికట్‌లో 1997లో ఇళ్ళ డెక్‌ల కింద మట్టి తీసి చూస్తే కిలోకు సగటున 76 మిల్లీగ్రాములు ఉంది, కొన్నిచోట్ల 350 దాకా. ఆ పక్కనే డెక్ లేని చోట 4 కూడా లేదు. మంచి విషయం ఏమిటంటే బంకమట్టి, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి ఆర్సెనిక్‌ని గట్టిగా పట్టేసుకుంటాయి, అది పెద్దగా కదలదు. మా ఇసకనేలలో అయితే కిందికి దిగి నీళ్ళదాకా పోయే భయం ఎక్కువ. నీళ్ళు నిలిచే చోట ఇంకో చిక్కు ఉంది, గాలి ఆడకపోతే ఆర్సెనిక్ రూపం మారి ఇంకా తేలిగ్గా కదిలే రకంగా అవుతుంది. ఎరువుతో కూడా జాగ్రత్త: డీఏపీ, ఎముకల పొడి లాంటి భాస్వరం ఎరువులు వేస్తే మట్టి పట్టుకున్న ఆర్సెనిక్‌ని వదిలేస్తుంది, ఎందుకంటే మట్టికి ఆ రెండూ ఒకేలా కనబడతాయి, ఒకటి చేరితే ఇంకోటి జాగా ఖాళీ చేస్తుంది.

మేడమ్, రెండు ప్రశ్నలు. మడిలో ఏ ఎరువు వేశారు? ఆ మిగిలిన చెక్కలు ఏం చేశారు?

పొట్టిపిచ్చుక (కాలిఫోర్నియా)
ఆదివారం మధ్యాహ్నం

నాకో డౌట్. మనం రోజూ తినే బియ్యంలోనే ఆర్సెనిక్ ఉంటుంది అంటారు కదా, దాని ముందు ఈ డెక్ ఎంత?

మట్టిమనిషి (ఫ్లోరిడా)
ఆదివారం మధ్యాహ్నం

మంచి ప్రశ్న. వరి నీళ్ళు నిలిచిన పొలంలో పెరుగుతుంది, నేను పైన చెప్పిన గాలి ఆడని మట్టి సంగతి అదే, అందుకే మిగతా ధాన్యాల కంటే వరి ఎక్కువ లాగుతుంది. పిల్లల రైస్ సిరియల్‌కి 2020లో ఇక్కడ కిలోకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టారు. మన అమ్మమ్మలు ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసి గంజి వార్చేవారు చూడండి, అలా ఆరు నుంచి పది రెట్లు నీళ్ళలో వండి వారిస్తే సగానికి సగం దాకా పోతుంది. కుక్కర్ అన్నంలో అంతా లోపలే ఉంటుంది. కాకపోతే ఒక దారి ఉంది కదా అని రెండోదారి వదిలేయం. అన్నం మానలేం, డెక్ మీద పాకడం మాన్పించగలం.

డెహ్రాడూన్‌తాత (హైదరాబాద్)
ఆదివారం సాయంత్రం

అమ్మా, నేను రిటైర్ అయి పదిహేనేళ్ళు దాటింది. ఉద్యోగమంతా చెక్కకు మందు ఎక్కించే పనిలోనే గడిచింది. ఈ సంగతి ఇక్కడ చాలామందికి తెలిసి ఉండదు కాబట్టి చెబుతున్నాను. అమెరికా అంతా వాడిన ఈ మందు పుట్టింది డెహ్రాడూన్ ఫారెస్ట్ రిసెర్చ్ ఇనిస్టిట్యూట్‌లో, 1933లో. కనిపెట్టిన ఆయన సొంటి కామేశం గారు, మన తెలుగువారు. ఆయన పెట్టిన పేరు అస్క్యూ, ఆర్సెనిక్, రాగి రెండింటి రసాయన గుర్తులు కలిపితే వచ్చే మాట. అమెరికా పేటెంటు 1938లో వచ్చింది.

అంతకుముందు రాగి, ఆర్సెనిక్ లవణాలు విడివిడిగా చెక్కకు పట్టించేవారు, రెండు వానాకాలాలు పోయేసరికి కడుక్కుపోయేవి. కామేశం గారు దానికి డైక్రోమేట్ కలిపారు, మందు చెక్కలోనే గట్టిపడింది. రైలు స్లీపర్లు, కరెంటు స్తంభాలు చెదలకి, కుళ్ళుకి పోతున్న కాలం అది. పదేళ్ళకి పోయే చెక్క ముప్ఫై నలభై ఏళ్ళు నిలబడిందంటే అన్ని చెట్లు కొట్టకుండా మిగిలాయన్నమాట. ఆ మేలు నేను కళ్ళారా చూశాను కాబట్టి ఆయన్ని తప్పుపట్టడం నావల్ల కాదు. కానీ స్తంభానికి, స్లీపరుకి చేసిన మందుని పిల్లలు పాకే అరుగుకి, ఉయ్యాల బల్లకి, కూరగాయల మడికి తెచ్చి పెట్టడం పెద్ద తప్పు. ఆ చెక్క పని అయిపోయాక ఏం చేయాలో ముందుగా ఎవరూ ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు. ప్లాంటులో తొట్టె చుట్టూ పచ్చగా ఉండే బురదని మేం చేతులతో తీసిన రోజులున్నాయి.

విశాఖతీరం (విశాఖపట్నం)
ఆదివారం రాత్రి

తాతగారూ, మీరు చెప్పింది చదువుతుంటే మా తెప్పలు గుర్తొచ్చాయి. సముద్రంలో చెక్క ఎలా పాడవుతుందో చూసే కేంద్రం మా విశాఖలోనే ఉండేది, బెంగళూరు ఇనిస్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వాళ్ళది. ఉప్పునీళ్ళలో చెక్కని తొలిచేసే పురుగులున్నాయి, పైకి చిన్న చిల్లు తప్ప ఏమీ కనబడదు, లోపల తేనెపట్టులా చేసేస్తాయి. సీసీఏ ఎక్కించిన దుంగలతో తెప్పలు కట్టి జాలర్లకిచ్చి చూశారు, మామూలువాటి కంటే చాలా ఏళ్ళు ఎక్కువ వచ్చాయి. తెప్ప అంటే జాలరికి ఇల్లు కంటే ఎక్కువ, కాబట్టి ఆ పని విలువ నాకు తెలుసు.

నా భయం ఒక్కటే. తెప్ప పాతబడ్డాక ఆ దుంగలు పొయ్యిలోకే పోతాయి. మా ఒడ్డున ఏ చెక్కా ఊరికే పారేయరు.

మట్టిమనిషి (ఫ్లోరిడా)
ఆదివారం రాత్రి

విశాఖతీరం గారు చెప్పింది చాలా ముఖ్యం, దాని మీద మళ్ళీ వస్తాను. సముద్రం సంగతి ఒక్క మాట: నీటిలో ఉండే జీవాలకి ఇందులో ముందుగా దెబ్బ కొట్టేది రాగి. అమెరికా తూర్పుతీరంలో ఈ చెక్కతో కట్టిన గట్ల మీద పెరిగిన ఆల్చిప్పల్లో రాగి పేరుకుందని, ఆ చెక్క మీది నాచు మేసిన నత్తలు చచ్చిపోయాయని పరిశోధకులు చూశారు. ఆటుపోట్లు బాగా ఉన్న చోట నీళ్ళు మారిపోతాయి కాబట్టి ప్రభావం చెక్క పక్కకే పరిమితం. నీళ్ళు కదలని ఇరుకు కాలవల్లో అడుగు బురదలో పేరుకుంటుంది.

గోంగూరమడి (న్యూజెర్సీ)
ఆదివారం రాత్రి

మట్టిమనిషి గారూ, మీ రెండు ప్రశ్నలకి జవాబు రాయడానికి చేతులు వణుకుతున్నాయి. ఎముకల పొడి వేశాను, రెండుసార్లు. ఇంకోటి అంతకంటే పెద్దది. మార్చిలో మా ఆయన స్నేహితులు వచ్చినప్పుడు వెనకాల నిప్పుగుంటలో ఆ పాత చెక్క ముక్కలు వేసి చలి కాచుకున్నారు, రెండు రాత్రులు. ఆ బూడిద ఒక బకెట్టులో ఉంది. తెనాలి నుంచి మా అత్తయ్యగారు వచ్చి ఉన్నారు, తోటకూరకి పేనుబంక పట్టిందని ఆ బూడిద జల్లెడపట్టి ఆకుల మీద, మొదళ్ళలో చల్లారు. మన దగ్గర ఎప్పుడూ చేసేదే కదా. నాకూ ఏమీ అనిపించలేదు. ఆ తోటకూర గత వారం పప్పులో వేసుకున్నాం. బాబు రెండు ముద్దలు తిన్నాడు.

మట్టిమనిషి (ఫ్లోరిడా)
ఆదివారం రాత్రి, పది నిమిషాల తరవాత

మేడమ్, అయితే ఈ రాత్రే ఇవి చేయండి. పాయిజన్ కంట్రోల్ (విషం సంగతుల్లో సలహా చెప్పే ఫోన్ సేవ) వాళ్ళకి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, జరిగింది జరిగినట్టు చెప్పండి. రేపు పొద్దున పిల్లల డాక్టరుకి చెప్పి మీ నలుగురికీ మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష అడగండి. అందులో రకాలు విడదీసి చూపించే పరీక్ష కావాలని చెప్పండి, ఎందుకంటే చేపలు, రొయ్యల్లో హాని లేని రకం ఆర్సెనిక్ ఉంటుంది, అది లెక్కని పాడుచేస్తుంది. పరీక్ష అయ్యేదాకా చేపలు, రొయ్యలు తినకండి. ఆర్సెనిక్ కొద్ది రోజుల్లోనే మూత్రంలో బయటికి పోతుంది కాబట్టి ఆలస్యం చేస్తే పరీక్షకి దొరకదు.

బకెట్టు ఇంట్లో ఉంటే మూతపెట్టి బాబుకి అందకుండా బయట పెట్టండి. ఊడవకండి, వ్యాక్యూమ్ పెట్టకండి, దుమ్ము లేవకూడదు, తడిగుడ్డతో తుడవండి. అత్తయ్యగారు చల్లినప్పుడు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి.

బూడిద అంటే నేనెందుకు ఇంత కంగారు పడుతున్నానో చెప్పాలి. చెక్కగా ఉన్నంతకాలం ఆర్సెనిక్ దాంట్లో ఇరుక్కుని ఉంటుంది, వానకి కొంచెం కొంచెం వస్తుంది. కాలిస్తే ఆ పట్టు విడిపోతుంది. కొంత పొగలో పోతుంది, మిగిలిందంతా పిడికెడు బూడిదలో చిక్కబడుతుంది, నీళ్ళు తగలగానే కరిగి వస్తుంది. 1984లో ఒక వైద్యపత్రికలో విస్కాన్సిన్ పల్లెలో ఒక కుటుంబం గురించి వచ్చింది, ఎనిమిదిమంది. చలికాలం మొత్తం ఈ రకం చెక్క పొయ్యిలో కాల్చారు. చలికాలం వచ్చేసరికి ఒంటి మీద దద్దుర్లు, ఫిట్స్, జుట్టు ఊడిపోవడం, వేసవి వచ్చేసరికి తగ్గడం, అలా ఏళ్ళు గడిచాయి, ఇంట్లో పొయ్యి అని ఎవరికీ తోచలేదు.

వడ్రంగికొడుకు (పెన్సిల్వేనియా)
ఆదివారం అర్ధరాత్రి

నేను ఇంకొకటి కలుపుతాను, డెక్ కడగాలని ఎవరైనా అనుకుంటే బ్లీచ్ వాడకండి. పాత చెక్కలో క్రోమియం శాంతించిన రూపంలో ఉంటుంది, బ్లీచ్ తగిలితే మళ్ళీ విషపు రూపంలోకి తిరుగుతుంది. ప్రెషర్ వాషర్ కూడా వద్దు, పై పొర లేచిపోయి కింద మట్టిలోకి పోతుంది. డెక్‌కి చిత్రిక పట్టడం, గరుకు కాగితంతో రుద్దడం అసలు వద్దు. ఉంచుకోదలుచుకుంటే చెక్కలోకి ఇంకిపోయే రకం స్టెయిన్ అనే పూత ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వేయాలి, అలా వేస్తే చేతికి అంటేది బాగా తగ్గుతుందని ప్రభుత్వ పరీక్షల్లో తేలింది. పొరలుగా లేచే పెయింటు వేస్తే ఆ పెచ్చులే పిల్లల నోట్లోకి పోతాయి.

ద్రాక్షపందిరి (న్యూజిలాండ్)
సోమవారం

మాది బ్లెనమ్ దగ్గర. ఇక్కడ ఈ చెక్క ఇప్పటికీ చట్టబద్ధమే, మార్ల్‌బరో లోయంతా ద్రాక్షతోటల గుంజలు సీసీఏ పైన్‌వే. మెషీన్లతో కోత కోస్తారు, ఆ అదురుకి గుంజలు విరుగుతుంటాయి. విరిగిన గుంజల గుట్టలు ప్రతి తోట చివరా కనబడతాయి. కాల్చడానికి లేదు, పూడ్చాలంటే ఖర్చు, కొన్ని కంచెలకి మళ్ళీ వాడతారు, మిగతావి అలాగే. నేను పని చేసే తోటలో కొత్త వరసలకి ఉక్కు గుంజలు వేస్తున్నారు. ఆస్ట్రేలియాలో 2006 నుంచి డెక్‌లకి, పిల్లల ఆటసామానుకి ఈ చెక్క ఆపేశారు కానీ కంచె గుంజలుగా ఉంది. అక్కడ 2009 విక్టోరియా కార్చిచ్చు తరవాత కాలిన గుంజల బూడిద దగ్గరికి పశువుల్ని, పిల్లల్ని పోనివ్వొద్దని హెచ్చరికలు వచ్చాయి. బూడిద ఉప్పగా ఉంటుందని పశువులు నాకుతాయి. గోంగూరమడి గారూ, మీ ఇంట్లో అందరూ బాగుండాలి.

కొత్తఇల్లు (టెక్సాస్)
సోమవారం

గోంగూరమడి గారూ, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ బూడిద సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో కూడా రెండేళ్ళ క్రితం డెక్ మెట్లు మార్చినప్పుడు పాత ముక్కలు మేం కాల్చాం. మీ రిపోర్టు రాగానే చెప్పండి దయచేసి.

మట్టిమనిషి (ఫ్లోరిడా)
సోమవారం

మట్టి పరీక్షకి పంపేటప్పుడు ఆర్సెనిక్ ఒక్కటే అడగకండి. రాగి, క్రోమియం, సీసం కూడా అడగండి. న్యూజెర్సీలో చాలా కాలనీలు ఒకప్పటి ఆపిల్, పీచ్ తోటల మీద కట్టినవి, ఆ తోటల్లో పురుగులకి లెడ్ ఆర్సెనేట్ కొట్టేవారు, అది ఇప్పటికీ మట్టిలో ఉంది. ఆర్సెనిక్‌తో పాటు సీసం ఎక్కువుంటే పాత తోట, రాగి, క్రోమియం ఎక్కువుంటే మీ డెక్. మూడు నాలుగు చోట్ల విడివిడిగా తీయండి: డెక్ కింద, మడిలో పై అంగుళం, మడిలో ఆరంగుళాల లోతు, దూరంగా కంచె దగ్గర. మీ రాష్ట్రంలో ఇళ్ళ మట్టికి హద్దు కిలోకు 19 మిల్లీగ్రాములు. మా ఫ్లోరిడాలో 2.1. అంత తేడా ఎందుకంటే మీ మట్టిలో సహజంగానే ఎక్కువ ఉంటుంది, సహజంగా ఉన్నదానికంటే తక్కువకి శుభ్రం చేయమని ఎవరూ చెప్పలేరు. 19కి కింద ఉంటే ఏ ముప్పూ లేదని దాని అర్థం కాదు, అది గుర్తుపెట్టుకోండి.

పొట్టిపిచ్చుక (కాలిఫోర్నియా)
బుధవారం

2004 తరవాత వచ్చిన చెక్క అయితే మడికి వాడొచ్చా?

వడ్రంగికొడుకు (పెన్సిల్వేనియా)
బుధవారం

దాంట్లో ఆర్సెనిక్ లేదు, రాగి ఎక్కువ. ఏసీక్యూ అని, కాపర్ అజోల్ అని రెండు రకాలు. మామూలు మేకులు తినేస్తుంది కాబట్టి మందంగా జింకు పూత ఉన్నవో స్టెయిన్‌లెస్‌వో వాడాలి. కూరగాయలకి పెద్ద ఇబ్బంది లేదంటారు, కానీ నేను మా అమ్మ మడికి మందు లేని సెడార్ చెక్క వేశాను. పది పన్నెండేళ్ళకి మార్చుకుంటాం, అంతే. వాగు పక్కనో చెరువు పక్కనో అయితే రాగి చెక్క కూడా వద్దు.

గోంగూరమడి (న్యూజెర్సీ)
మూడు వారాల తరవాత

అందరికీ ముందుగా దండాలు. ఆ రాత్రి పాయిజన్ కంట్రోల్ ఆవిడ గంటసేపు ఓపికగా మాట్లాడింది. మూత్రపరీక్షలు అయ్యాయి. నలుగురికీ మామూలు హద్దుల్లోనే ఉందని డాక్టరు చెప్పారు, అత్తయ్యగారికి మాత్రం మాకంటే కొంచెం ఎక్కువుంది కానీ హద్దు దాటలేదు. నెల తరవాత ఆవిడకి మళ్ళీ చేస్తారు. రిపోర్టు చదివాక బాబుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

మట్టి రిపోర్టు: కంచె దగ్గర కిలోకు 6 మిల్లీగ్రాములు. డెక్ కింద 52. మడిలో పై అంగుళం 160, ఆరంగుళాల కింద 21. రాగి, క్రోమియం రెండూ పెరిగి ఉన్నాయి, సీసం మామూలుగా ఉంది. కాబట్టి పాత తోట కాదు, మా చెక్కే, మా బూడిదే. ముప్ఫై ఏళ్ళ వానలకి డెక్ కింద చేరినదానికి మూడు రెట్లు, మేం ఒక్క మధ్యాహ్నం మడి పైన చల్లుకున్నాం.

అత్తయ్యగారు చాలా బాధపడ్డారు. "యాభై ఏళ్ళుగా కట్టెల బూడిద చల్లుతున్నాను, తుమ్మ కట్టెలు, వేప కట్టెలు, ఎప్పుడైనా ఇలా అయిందా" అని ఏడ్చారు. ఆవిడ తప్పేం లేదండీ. తుమ్మ బూడిద వేరు, ఇది వేరు అని చూస్తే ఎవరికి తెలుస్తుంది. ఆవిడే ఇప్పుడు వాకింగుకి వెళ్ళే తెలుగువాళ్ళందరికీ చెబుతున్నారు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి.

మడిలో పది అంగుళాల మట్టి తీయించాం, తడిపి, మూటలు కట్టి, బూడిద విడిగా. కౌంటీ వాళ్ళని అడిగితే విషం నేలలోకి దిగకుండా కింద లైనింగ్ (పొర) ఉన్న, చెత్త పూడ్చే ల్యాండ్‌ఫిల్ ఎక్కడుందో చెప్పారు. డెక్ విప్పాలని నిర్ణయించాం, ఆగస్టులో. వడ్రంగికొడుకు గారూ, ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, చెక్కంతా తీసుకెళ్ళి చిప్పర్‌లో వేసి మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) చేయించేస్తాను, డిస్పోజల్ ఖర్చు ఉండదు అన్నాడు. ఇది సరైనదేనా?

వడ్రంగికొడుకు (పెన్సిల్వేనియా)
అదే రోజు

వద్దు! అతనికి పని ఇవ్వకండి. మల్చ్ అయితే అది ఇంకో ఇంటి పూలమొక్కల మొదట్లోకి పోతుంది. చిన్న ముక్కలు అయ్యేకొద్దీ వానకి కారడం ఇంకా ఎక్కువ. కాగితం మీద "లైన్డ్ ల్యాండ్‌ఫిల్‌కి పంపాలి, తూకం రసీదు ఇవ్వాలి" అని రాయించుకుని సంతకం పెట్టిన వాళ్ళకే ఇవ్వండి. విప్పేటప్పుడు రంపం వాడకుండా స్క్రూలు తీసి పలకలు పలకలుగానే దించమనండి, కింద టార్పాలిన్ పరచమనండి. ఆగస్టులో ఒక శనివారం నేను రాగలను, రెండు గంటల దూరమే.

మట్టిమనిషి (ఫ్లోరిడా)
అదే రోజు

అవును, మల్చ్ మాత్రం వద్దు. ఇక్కడ కూల్చిన ఇళ్ళ చెక్కతో చేసిన రంగు మల్చ్‌లో ఈ ముక్కలు దొరికాయి, చిన్న ముక్కలయ్యాక దేనిలో మందు ఉందో ఎవరూ ఏరలేరు. నిజానికి ఈ దేశంలో ఇంటివాళ్ళు పారేసే సీసీఏ చెక్కని ప్రమాదకర చెత్త కింద లెక్కపెట్టరు, దానికి మినహాయింపు ఉంది, అందుకే ఇలాంటి కాంట్రాక్టర్లని ఆపేవాళ్ళు లేరు. మా దగ్గర ఏళ్ళ తరబడి లైనింగ్ లేని గుంటల్లోకే పోయింది. డెక్ తీశాక కింది మట్టి కూడా పై ఆరంగుళాలు తీయించి మళ్ళీ పరీక్ష చేయించండి.

కొత్తఇల్లు (టెక్సాస్)
మర్నాడు

మా నిప్పుగుంట చుట్టూ మట్టి పరీక్షకి పంపాను. వచ్చాక ఇక్కడే రాస్తాను.

గోంగూరమడి (న్యూజెర్సీ)
మర్నాడు

వడ్రంగికొడుకు గారూ, మీరు వస్తే మా ఇంట్లోనే భోజనం. ఆ కాంట్రాక్టరుకి వద్దని చెప్పేశాం. కొత్త మడి కంచె వైపు, సెడార్ చెక్కతో, బయట కొన్న మట్టితో వేశాం, నిన్న అత్తయ్యగారు గోంగూర గింజలు నాటారు. పేనుబంకకి ఈసారి వేపనూనె. ఇంకో పని కూడా చేశాను. ఈ రిపోర్టులన్నీ, ఏ మూల ఎంత ఉందో గీసిన బొమ్మతో సహా, ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను. మేం ఈ ఇల్లు ఎప్పుడు అమ్మినా కొన్నవాళ్ళ చేతికి ముందు అదే ఇస్తాం. ఈ ఇల్లు మాకు అమ్మినప్పుడు ఎవరూ ఇవ్వలేదు.